డెబ్బై మూడో మెట్టు

వాల్పరైసోలో నేల తక్కువ, మెట్లు ఎక్కువ.
మా ఇంటికి నూట యాభై ఎనిమిది.
ఇలాంటి ఊళ్లో
తుంట్లు పాడైన కుక్కను తెచ్చుకున్నావా ఎవరిస్తో,
అని నవ్వింది నెలిదా, కిటికీలో గుడ్డలు ఆరేస్తూ.

రేవులో, చేపల బజారు వెనక,
ఐసు కరిగిన నీళ్లలో కూచుని ఉంది.
సముద్ర సింహాలు అరుస్తుంటే
తిరిగి అరుస్తోంది, లేవకుండానే.
లేవలేకపోతోందని అప్పటికి తెలీదు,
పొగరనుకున్నాను.
పొగరున్నవాళ్లంటే నాకు మొదట్నించీ ఇష్టం.
ఒంటికి సముద్రపు నాచు చుట్టుకుని ఉందని
ఆ నాచు పేరే పెట్టాను: కొచాయుయో.
ఒక చెవి ఎత్తింది.

ఎక్స్‌రేని దీపానికి ఆనించి
డాక్టర్ యానెస్ పెన్నుతో చూపించింది.
గిన్నెలో బంతిలా కూచోవాలి ఎముక,
ఇక్కడ గిన్నె లేదు, సాసరుంది.
రెండు పక్కలా అంతే.
ఆపరేషన్ ఖరీదు చెప్పింది.
నేను టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాను.
బరువు పెరగనివ్వకండి,
నున్నటి నేల మీద నడిపించకండి,
మెట్లు అని ఆగి,
అడ్రసులో మా కొండ పేరు చదివి
మెట్ల మాట మానేసింది.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ కొండకు తీగబండి నడిపినవాణ్ణి.
ఒకే తీగకు రెండు పెట్టెలు,
ఒకటి దిగితేనే ఒకటి ఎక్కేది.
మరమ్మతని మూసి నాలుగేళ్లయింది,
తలుపుకి తాళం, తాళానికి తుప్పు.
ఆ విద్యే ఇప్పుడు అక్కరకొచ్చింది.
పాత తువ్వాలుకి రెండు కొసలూ కలిపి కుట్టి
పొట్ట కిందుగా తీసి
వెనక సగం నేను మోస్తాను, ముందు సగం తను.
ముందు కాళ్లు ఎక్కుతాయి,
వెనక కాళ్లు ఊగుతూ వస్తాయి
టికెట్టు లేని ప్రయాణికుల్లా.
లాగకూడదు. తొయ్యకూడదు.
ఉన్న బరువే పట్టాలి, వీసమెత్తు ఎక్కువ కాదు.
ఎక్కువ పడితే వెనక్కి చూస్తుంది,
లెక్కల టీచరు తప్పు పట్టినట్టు.

జూలైలో పొగమంచు కొండెక్కి
రేకు గోడల్లోంచి దూరినప్పుడు
నిద్రలో మూలుగుతుంది.
వేడినీళ్ల సీసాకి నా ఉన్ని మేజోడు తొడిగి
తుంటికి ఆనిస్తాను.
మాత్రను ఉడికిన గుమ్మడికాయలో దాచిపెడితే
గుమ్మడికాయ తిని
మాత్రను చాప మీద పెడుతుంది, మర్యాదగా.
చీజులో చుడితే మింగుతుంది.
చీజు ఖరీదు తనకేం తెలుసు.

కొన్ని రాత్రులు పడుకున్న చోటే తడుపుకుంటుంది.
మొహం గోడకి తిప్పుకుంటుంది.
నేనూ అటు చూడకుండా నేల తుడుస్తాను.
పొద్దున ఇద్దరం ఆ సంగతి ఎత్తం.

ఒకసారి, ఇది నెలిదాకి కూడా చెప్పలేదు,
డాక్టర్ నంబరు ముందు పెట్టుకుని
రాత్రంతా ఫోను పట్టుకు కూచున్నాను,
ఇక చాలిద్దాం అనడానికి.
తెల్లారేసరికి గ్యాసు బండివాడు
సిలిండర్లు వాయించుకుంటూ వచ్చాడు.
కొచాయుయో ముందు కాళ్ల మీద లేచి
వాడి వంశాన్నంతా తిట్టింది.
ఫోను సొరుగులో పెట్టి, టీ కాచుకున్నాను.

డెబ్బై మూడో మెట్టు మీద మాత్రం రోజూ ఆగిపోతుంది.
నొప్పేమోనని నెల్లాళ్లు
అక్కడే కూచుని తుంటి రుద్దాను,
క్షమించమన్నాను,
ఎత్తుకోబోతే పళ్లు చూపించింది.
మొన్న నెలిదా మనవడు మైకోల్
పక్కన చతికిలబడి, ముక్కు ఎగబీల్చి,
తాతా, ఇక్కడికి రొట్టె వాసనొస్తోంది అన్నాడు.
కింద బేకరీ పొగగొట్టం.
గాలి మలుపు తిరిగేది సరిగ్గా ఇక్కడ.
డెబ్బై రెండులో లేదు. డెబ్బై నాలుగులో లేదు.
మోకాళ్లు తిట్టుకుంటున్నా
రెండుసార్లు ఎక్కి దిగి చూశాను.

దారి మధ్యలో ఆగుట ప్రమాదం అని
తీగబండి లోపల బోర్డు రాసింది నేనే,
ఎర్ర రంగుతో, నా చేత్తో.

ఇప్పుడు సాయంత్రం అయిదింటికి
ముగ్గురం అక్కడ కూచుంటున్నాం.
తువ్వాలు వదులు చేస్తాను.
ఎక్కేవాళ్లు గొణుక్కుంటూ
మమ్మల్ని తప్పుకుని ఎక్కుతారు.
ఇంకా ఎనభై అయిదున్నాయి.